ఆదివారం రేంజ్‌కి వస్తావా బ్రో?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల వీకెండ్‌కి ఒక టైమ్‌టేబుల్ ఉంది. శనివారం పొద్దున క్రికెట్, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతమో, పిల్లల పుట్టినరోజో. ఈమధ్య ఆ టైమ్‌టేబుల్‌లో ఇంకోటి చేరింది. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు టార్గెట్ కాగితం ఫొటో పెడతారు. మధ్యలో నాలుగైదు చిల్లులు, కింద "ఫస్ట్ టైమ్ బ్రో!" అని ఒక మాట. అంతే, పదిమంది "నేనూ వస్తా" అంటూ చేతులెత్తేస్తారు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్... ఎటు చూసినా అరగంట డ్రైవ్‌లో ఒక షూటింగ్ రేంజ్ ఉంటుంది కాబట్టి ప్లాన్ ఇట్టే కుదిరిపోతుంది.

నేనూ వెళ్తాను. నాకు ఇష్టం కూడా. తుపాకులు ఉండాలా వద్దా అనే వాదనకి టీవీ చానళ్లున్నాయి, దాని జోలికి పోను. వెళ్లాలనుకుంటే ఎలా వెళ్లాలి, ఎవరితో కలవాలి, ఇంటికొచ్చాక ఏం చేయాలి అన్నది మాత్రం మనలో మనం ఒకసారి మాట్లాడుకోవాలి.

ముందు వీసా సంగతి

"నేనూ వస్తా" అన్న ఆ పదిమందిలో సగానికి పైగా హెచ్-1బీ మీదో, ఎఫ్-1 మీదో ఉంటారు. అసలు చిక్కు అక్కడే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ తమ ఆధీనంలో ఉంచుకోకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బి-2... అన్నీ ఇందులోకే వస్తాయి. అంటే, మనవణ్ని చూసుకోవడానికి ఆర్నెల్లకి వచ్చిన నాన్నగారికి కూడా ఇదే రూలు.

"ఉంచుకోవడం అంటే కొని ఇంట్లో పెట్టుకోవడం కదా, గంటసేపు అద్దెకి తీసుకుంటే ఏమవుతుంది?" అని చాలామంది అడుగుతారు. అద్దె గన్ చేతిలో పట్టుకున్నా అది మన ఆధీనంలో ఉన్నట్టే. స్నేహితుడి గన్‌తో రెండు రౌండ్లు కాల్చినా అంతే. కౌంటర్ దగ్గర అబ్బాయి డ్రైవింగ్ లైసెన్స్ చూసి, ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుని గన్ ఇచ్చేశాడంటే మనకి అర్హత ఉందని కాదు. ఆ ఫారంలో "నేను అర్హుణ్ని" అని రాసిన లైను కింద సంతకం పెట్టింది మనమే.

ఇదేదో పుస్తకాల్లో ఉండి ఎవరూ పట్టించుకోని సెక్షన్ అనుకోవద్దు. హమీద్ రెహాయిఫ్ అనే ఎఫ్-1 స్టూడెంట్ కేసు 2019లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫ్లోరిడాలో చదువుకోవడానికి వచ్చాడు. మార్కులు సరిగా రాక యూనివర్సిటీ తీసేసింది. దాంతో స్టేటస్ పోయింది. ఆ తర్వాత ఒక రేంజ్‌కి వెళ్లి రెండు గన్లు కాల్చాడు. ఆ కాల్చినందుకే కేసు, శిక్ష. "తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలి" అని సుప్రీంకోర్టు 7-2 తేడాతో చెప్పి శిక్షని పక్కన పెట్టింది. గెలిచాడు కదా అంటారేమో. వాషింగ్టన్ దాకా లాయర్లని పెట్టుకుని గెలవాల్సిన పరిస్థితి మనలో ఎంతమంది తట్టుకోగలరు? 2022లో వచ్చిన చట్టం తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. పైగా తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించెయ్యడానికి అదొక్కటే చాలు. ఒక టార్గెట్ కాగితం ఫొటో కోసం ఇంత రిస్కా?

దారి లేకపోలేదు. చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటివాళ్లకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. వేటకి వెళ్లే ఉద్దేశం లేకపోయినా అది చేతిలో ఉంటే లెక్క మారుతుంది. నాదీ హెచ్-1బీయే. మా ఆఫీసులో ఒక టెక్సాస్ పెద్దాయన రేంజ్‌కి రమ్మని పిలిచినప్పుడు, ముందు ఈ లైసెన్స్ తీసుకుని తర్వాతే వెళ్లాను. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు దాటితే మొత్తం ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. రాష్ట్రంలో ఆరు నెలలుగా ఉంటున్నవాళ్లకి మామూలు లైసెన్స్ 25 డాలర్లు. అమ్మకి ఫోన్లో చెబితే, "కోణ్ని కూడా బజార్లో కోయించుకొచ్చే వంశంరా మనది, నీకు వేట లైసెన్సేమిటి?" అంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. టెక్సాస్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. మన సర్వర్లకి సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయితే అర్ధరాత్రి ఫోన్లు మోగుతాయి. ఇక్కడ ఏ ఫోనూ మోగదు. సెప్టెంబర్ 1 పొద్దున్నకి అల్మారాలో ఉన్న అదే గన్ నేరంగా మారిపోతుంది. క్యాలెండర్‌లో ఆగస్టు నెలకి ఒక రిమైండర్ పెట్టుకోండి. లేఆఫ్ అయి, గ్రేస్ పీరియడ్ దాటి, స్టేటస్సే పోయిందనుకోండి, అప్పుడు హంటింగ్ లైసెన్స్ కూడా కాపాడదు. అలాంటి పరిస్థితి వస్తుందనిపిస్తే గన్ సంగతి కూడా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాల్సిన ప్రశ్నల్లో చేర్చండి.

గ్రీన్‌కార్డ్, సిటిజన్‌షిప్ ఉన్న అన్నలకి ఈ వీసా నిబంధన లేదు. కానీ మీకో మాట. అర్హత లేదని తెలిసి తమ్ముడి చేతికి గన్ ఇస్తే మీరూ ఇరుక్కుంటారు. "నీ పేరు మీద కొను బావా, డబ్బులు నేనిస్తా" అనేదీ పెద్ద నేరమే. షాపులో నింపే 4473 ఫారంలో మొదట్లోనే "అసలు కొనేది నువ్వేనా?" అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే బావ, బావమరిది ఇద్దరూ కోర్టు మెట్లు ఎక్కాలి.

రేంజ్ ఎలా ఎంచుకోవాలి

రేంజ్‌లు రెండు రకాలు. ఊరి మధ్యలో ఏసీ హాల్లో లేన్లుగా విడగొట్టి ఉండేవి ఇండోర్. గంటకింత అని లేన్ ఫీజు. ఊరి బయట మట్టికట్టలు పోసి ఉండేవి అవుట్‌డోర్. రైఫిల్‌తో బాగా దూరం కాల్చాలన్నా, ఎగిరే మట్టిపిళ్లల్ని కొట్టే క్లే షూటింగ్ చూడాలన్నా అవుట్‌డోర్‌కే వెళ్లాలి. డాలస్‌లో లూనా రోడ్డు మీదున్న ఎల్మ్ ఫోర్క్ లాంటి చోట్ల ఇవన్నీ ఒకే దగ్గర కనిపిస్తాయి. మీ ఊళ్లో ఎక్కడున్నాయో తెలుసుకోవాలంటే తుపాకీ పరిశ్రమ సంఘం ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ నడిపే "వేర్ టు షూట్"లో పిన్‌కోడ్ కొడితే చాలు, ఇక్కడివాళ్ల మాటలో జిప్ కోడ్.

లిస్టు దొరికాక రివ్యూల్లో స్టార్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. ఒక ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి. మొదటిసారి వచ్చేవాళ్లకి క్లాసు ఉందా? లేన్ల దగ్గర సేఫ్టీ ఆఫీసర్ నిలబడి ఉంటాడా, లేక కెమెరాలతో సరిపెడతారా? ఏ తూటాలు తేవచ్చు? గాలి బయటికి లాగే ఏర్పాటు ఎలా ఉంది? ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్లు రేంజ్‌ని కూడా ఓపిగ్గానే నడుపుతారని నా లెక్క. ఒంటరిగా, సొంత గన్ లేకుండా వచ్చినవాళ్లకి కొన్ని రేంజ్‌లు అద్దెకి ఇవ్వవు. "ఇదేం రూలు, నేను ఒక్కణ్నే వస్తే తప్పేంటి?" అని ఒక కుర్రాడు కౌంటర్‌లో గొడవపడటం చూశాను. ప్రాణం తీసుకోవాలనుకున్న మనిషి అద్దె గన్ కోసం రాకూడదని పెట్టిన రూలది. తెలిశాక ఎవరికీ కోపం రాదు.

మొదటి రోజు .22తో మొదలుపెట్టండి. చప్పుడూ తక్కువ, కుదుపూ తక్కువ. సినిమాల్లో చూసిన పెద్ద గన్ పట్టుకుని వీడియో తీయించుకునే సరదా ఉంటే ఆర్నెల్లు ఆగండి. మెడ మూసే టీషర్ట్, బూట్లు వేసుకెళ్లండి. కాల్చిన ప్రతిసారీ వేడి ఇత్తడి గొట్టం ఒకటి గాల్లోకి ఎగిరి ఎటో పడుతుంది. అది కాలర్‌లో దూరితే మనిషి చేతిలో గన్ ఉందన్న సంగతి మరిచి గంతులేస్తాడు. అసలు ప్రమాదం ఆ గంతులోనే ఉంది.

తుపాకీ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది. ఒక్క దెబ్బకే చెవికి శాశ్వతంగా నష్టం జరగొచ్చు. ఇండోర్‌లో గోడలు ఆ చప్పుణ్ని తిరగ్గొడతాయి. అందుకే చెవిలో ఫోమ్ ప్లగ్, దాని మీద మఫ్, రెండూ పెట్టుకోవాలి. ఇంకోటి సీసం. తూటాలోనూ, దాన్ని పేల్చే మందులోనూ సీసం ఉంటుంది. ఆ పొడి చేతులకీ బట్టలకీ అంటుకుంటుంది. చిన్నపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ అది విషం. రేంజ్‌లో ఏమీ తినకండి. బయటికి రాగానే చల్లటి నీళ్లు, సబ్బుతో చేతులూ మొహమూ కడుక్కోండి. ఇంటికెళ్లి బట్టలు మార్చాకే పాపని ఎత్తుకోండి. చెప్పులు గుమ్మం బయట విడిచే మన అలవాటు ఇక్కడ భలే కలిసొస్తుంది.

లేన్ దగ్గర నడవడిక

నాలుగు సూత్రాలు చాలు. ప్రతి గన్‌లోనూ తూటా ఉందనే అనుకోవాలి. కాల్చకూడని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. టార్గెట్ ఏంటో, దాని వెనక ఏముందో తెలిసుండాలి. ఈ నాలుగింటిలో ఒకటి తప్పితే మిగతా మూడూ కాపాడేలా కట్టిన పద్ధతి ఇది. మన సిస్టమ్‌లలో ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి ఆదుకున్నట్టు.

మనవాళ్ల గ్రూపులతో వచ్చే పేచీ ఎక్కువగా ఫోన్‌తోనే. "ఒరేయ్, ఇటు చూడు" అని వెనకనించి పిలుస్తారు. వాడు గన్‌తో సహా తిరుగుతాడు. ఒక్క సెకను వెనకున్న అందరూ గొట్టానికి ఎదురుగా ఉంటారు. ఫొటో కావాలంటే గన్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, టార్గెట్ కాగితం పట్టుకుని నిలబడండి. చెప్పుకోవాల్సిన గొప్ప ఎలాగూ ఆ కాగితంలోనే ఉంది. "సీజ్‌ఫైర్" అన్న కేక వినబడితే, అది ఎవరు అరిచినా, గన్ కింద పెట్టి వెనక్కి జరగాలి. ఎందుకని అడగడం తర్వాత.

నలుగురితో కలవాలంటే

రేంజ్‌లో పక్క లేన్‌వాడితో స్నేహం కుదరదు. చెవులకి మఫ్‌లుంటాయి మరి. మనుషులతో కలవాలంటే క్లబ్ మ్యాచ్‌లకి వెళ్లాలి. యూఎస్‌పీఎస్‌ఏ, ఐడీపీఏ, స్టీల్ ఛాలెంజ్ పేర్లతో చాలా ఊళ్లలో వారాంతాల్లో స్థానిక పోటీలు జరుగుతాయి. పోటీ అనగానే భయపడక్కర్లేదు. మన గల్లీ క్రికెట్ లాంటిదే, కాకపోతే రూలు తప్పితే అవుట్ ఇచ్చేది నిజంగా ఇస్తారు.

మొదటిసారి చూడ్డానికి మాత్రమే వెళ్లినా రానిస్తారు. చేతులు ఖాళీగా ఉంటే టార్గెట్ల చిల్లుల మీద స్టిక్కర్లు అంటించే పని ఇస్తారు. ఆ స్టిక్కర్లు అంటిస్తూ నేను పరిచయం చేసుకున్నంతమంది అమెరికన్లని నాలుగేళ్ల ఆఫీసు లంచ్‌లలో పరిచయం చేసుకోలేదు. రిటైరైన ఎలక్ట్రీషియన్, నైట్ డ్యూటీ దిగి వచ్చిన నర్సు, కూతురితో కలిసి పోటీ చేసే పాస్టర్. ఒక్కొక్కరిదీ ఒక్కో రాజకీయం. అయినా "మేక్ రెడీ" అనగానే అందరూ నోరు మూసుకుంటారు. ఆఫీసర్ చెప్పేదాకా ఎవరూ గన్‌ని ఒరలోంచి తీయరు. గొట్టం హద్దు దాటి వెనక్కి తిరిగితే ఎంత పెద్ద ఆటగాడైనా ఆ రోజుకి ఇంటికే. అలా పంపించేసిన ఒక పెద్దాయన ఏమాత్రం వాదించకుండా బ్యాగు సర్దుకుని, మిగతా రోజంతా మాతోపాటు స్టిక్కర్లు అంటించాడు. గన్ ఉన్నవాళ్లలో ఎవరితో స్నేహం చేయాలో నాకు అక్కడే అర్థమైంది. రూలు గుర్తుచేస్తే థాంక్స్ చెప్పేవాళ్లతో. "నాకు తెలుసులే" అనేవాడి పక్క లేన్‌లో నేను నిలబడను.

అడగని ప్రశ్న

మనం మొహమాటస్థులం అంటారు గానీ, కొత్తగా పరిచయమైన వాళ్లని జీతం ఎంత, ఇల్లు ఎంతకి కొన్నారు, ప్రయారిటీ డేట్ ఏ సంవత్సరం అని మొదటి టీ తాగేలోపే అడిగేస్తాం. పిల్లల్ని ఆడుకోడానికి పంపేముందు "మీ ఇంట్లో గన్ ఉందా? తాళం వేసి ఉంటుందా?" అని మాత్రం అడగం. "వాళ్లేమనుకుంటారో" అని.

మొన్న దసరాకి ఒకరింట్లో బొమ్మల కొలువు పెట్టారు. కింద పెద్దవాళ్లు, పై అంతస్తులో పన్నెండు మంది పిల్లలు. ఆ ఇంటి అన్నయ్య రేంజ్‌కి వెళ్తాడని అందరికీ తెలుసు. ఒక వదిన శనగలు పళ్లెంలో పెట్టుకుంటూ మామూలుగా అడిగింది, "అన్నయ్యా, పిల్లలు పైనున్నారు కదా, గన్ ఎక్కడుంటుంది?" అని. హాలంతా ఒక్క క్షణం గప్‌చుప్. ఆయన చిన్నబుచ్చుకోలేదు. పైకి తీసుకెళ్లి గోడకి బోల్టులేసి బిగించిన సేఫ్ చూపించాడు. తూటాలు వేరే పెట్టెలో, దానికి వేరే తాళం. ఆ రోజు తర్వాత మా గ్రూపులో ఆ ప్రశ్న అడగడం ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించడం లేదు. అడగాల్సిన అవసరం ఎంత ఉందో చెప్పడానికి ఒక్క మాట చాలు. 2020లో అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ల మధ్య వయసువాళ్ల మరణాలకి తుపాకులే మొదటి కారణమయ్యాయి, రోడ్డు ప్రమాదాలని కూడా దాటేసి.

టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి తూటా నింపిన గన్ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు పెట్టొచ్చు. తాళానికి డబ్బుల్లేవనడానికీ లేదు. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కింద చాలా పోలీసు స్టేషన్లలో కేబుల్ లాక్ ఉచితంగా ఇస్తారు. బీరువాలో పట్టుచీరల కింద దాచడాన్ని తాళం అనరు. మన పిల్లలకి బీరువాలో ఏ అరలో చాక్లెట్లున్నాయో తెలుసు, ఇది తెలియదా?

పెద్దవాళ్ల సంగతీ ఉంది. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయి, వీసా గడియారం టిక్కుటిక్కుమంటూ, ఊళ్లో అప్పు, ఇక్కడ ఇంటి లోను ఉన్న మనిషి ఎలా ఉంటాడో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే మా రేంజ్ బ్యాచ్ నలుగురం ఒక మాట అనుకున్నాం. ఎవరికి రోజులు బాగోలేకపోయినా సేఫ్ తాళంచెవి కొన్నాళ్లు ఇంకొకరి దగ్గర ఉంటుంది. ప్రశ్నలుండవు, క్లాసు పీకడం ఉండదు. మాటకి మనిషి కావాలంటే 988కి ఏ టైమ్‌లోనైనా ఫోన్ చేయొచ్చు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇదంతా దూరపు కబురులా అనిపించొచ్చు. మన ఊరు ఈ ఆటకి కొత్తేం కాదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. మన ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు పట్టుకొచ్చింది. 4.5 మిల్లీమీటర్ల లోపు, 20 జౌల్స్ దాటని ఎయిర్ గన్‌కి అక్కడ లైసెన్సే అక్కర్లేదు. గురి నేర్చుకోవాలంటే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కన్నా మంచి బడి లేదు.

చివరగా, ఈ శీతాకాలం ఇండియా వెళ్తున్నవాళ్లకి. రేంజ్‌కి వాడిన బ్యాగు ప్రయాణానికి వాడకండి. ఏ జేబు మూలలోనో ఒక్క తూటా ఉండిపోతే స్కానర్‌కి దొరుకుతుంది. లైసెన్స్ లేకుండా ఒక్క తూటా ఉన్నా అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు. తెలిసి పెట్టుకున్నది కాదని కోర్టులు కొట్టేసిన కేసులూ ఉన్నాయి. ఆ కొట్టేసేలోపు సెలవులు అయిపోతాయి, స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ పోతుంది, చెల్లెలి పెళ్లిలో మీ కుర్చీ ఖాళీగా ఉంటుంది. రేంజ్ బ్యాగుకి ఒక ఎర్ర దారం కట్టి గరాజ్‌లోనే ఉంచండి. ఆవకాయ జాడీలు తెచ్చుకోవడానికి ఇంకో బ్యాగు కొనుక్కోండి.